విశాఖ ఎర్రమట్టికి హెచ్‌ఎఫ్ కావాలా, ఆక్వా రీజియా చాలా?

మట్టిపరీక్ష: మింది, గాజువాక, పెందుర్తి మట్టిలో కాడ్మియం, సీసం, జింక్, క్రోమియం ఐసీపీ-ఓఈఎస్ (ప్లాస్మా మంటలో ఒక్కో మూలకం ఇచ్చే వెలుగు గీతని కొలిచే యంత్రం) మీద కొలవాలి. 0.5 గ్రాముల మట్టి, నైట్రిక్ 3 మి.లీ., హైడ్రోక్లోరిక్ 9 మి.లీ. (ఈ కలయికే ఆక్వా రీజియా), మైక్రోవేవ్‌లో 175 డిగ్రీలు, తర్వాత 50 మి.లీ.కి నింపడం. అడుగున తెల్లటి మడ్డి మిగులుతోంది. హెచ్‌ఎఫ్ (హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం) వెయ్యకపోతే ఆ రిపోర్టు చెల్లదని కొందరి మాట. మీరేమంటారు?

ఖొండలైట్: చెల్లదనే నేనూ అంటాను. మన కొండలు చాలావరకు ఖొండలైట్ రాయే. అందులోని గార్నెట్, సిల్లిమనైట్, క్వార్ట్జ్ ఖనిజాలు ఆ ఆమ్లాలకు లొంగవు. భీమిలి వైపు ఇసుక కలిసిన మట్టయితే ఇల్మనైట్, జిర్కాన్ కూడా తోడవుతాయి. ఎక్కువ దెబ్బ తినేది క్రోమియం. ఎన్ఐఎస్‌టీ 2709ఏ (విలువలు ముందే తేల్చిన అమెరికా ప్రామాణిక మట్టి) సర్టిఫికెట్ తీసి చూడండి: మొత్తం విలువలు వేరు, ఆమ్లంలో దిగే విలువలు వేరు. రిపోర్టులో ‘మొత్తం క్రోమియం’ అని రాస్తే చదివేవాళ్లు మోసపోయినట్టే.

నీటిబొట్టు: ఖొండలైట్ గారూ, అలాంటప్పుడు ‘మొత్తం’ అన్న మాట కొట్టేసి ‘ఆక్వా రీజియాలో కరిగినది’ అని రాస్తే సరిపోతుంది కదండీ. స్మెల్టర్ల పొగ, బూడిద నుంచి రాలిన జింక్, కాడ్మియం, సీసం చాలావరకు ఆ ఆమ్లంలోనే దిగిపోతాయి. గార్నెట్ గింజలో ఇరుక్కున్న క్రోమియం పంటకీ రాదు, బావిలోకీ దిగదు. దాన్ని కలిపి లెక్కేస్తే కొండ మట్టిని కూడా కాలుష్యమే అనాల్సి వస్తుంది.

ఇక హెచ్‌ఎఫ్ ఖర్చు చూడండి. 48 శాతం హెచ్‌ఎఫ్ 3 మి.లీ. వేసి, అది గాజుని తినకుండా కట్టెయ్యాలంటే బోరిక్ ఆమ్లం కనీసం 1.3 గ్రాములు కావాలి. 4 శాతం ద్రావణమైతే 40 మి.లీ. పోస్తారు. అప్పటికే 50 దాటిపోయింది, 100కి నింపక తప్పదు. పలుచన రెండింతలైంది. కాడ్మియం అసలే కిలోకి 1 మి.గ్రా. లోపు ఉండే మట్టిలో ఆ మిగిలిన సంకేతం కూడా పోతుంది. పైగా లవణాల బరువుకి నెబ్యులైజర్ (ద్రావణాన్ని తుంపరగా చేసే భాగం) మూసుకుపోతుంది.

ఖొండలైట్: కాడ్మియం విషయంలో ఒప్పుకుంటున్నాను. క్రోమియం దగ్గర మాత్రం ఒప్పుకోను. పక్క ఊరి మట్టితో పోల్చాలంటే అసలు రాతిలో ఎంతుందో తెలియాలి కదా. పీఎఫ్‌ఏ ప్లాస్టిక్ నెబ్యులైజర్, తుంపరని ప్లాస్మాలోకి పంపే అల్యూమినా ఇంజెక్టర్ పెట్టుకుంటే హెచ్‌ఎఫ్ గాజుని తినేస్తుందన్న భయం చాలావరకు తగ్గుతుంది. ఒంటికి తగిలితే రాయడానికి కాల్షియం గ్లూకోనేట్ జెల్ మాత్రం బల్ల మీద ఉండాల్సిందే.

ప్లాస్మా: ఆమ్లం గురించి కొట్టుకుంటున్నారు గానీ, ఈ మట్టిలో పెద్ద తప్పులు ప్లాస్మా దగ్గర జరుగుతాయండి. 6 శాతం ఇనుమున్న మట్టిని వంద రెట్లు పలుచన చేస్తే ద్రావణంలో లీటరుకి 600 మి.గ్రా. ఇనుము. కాడ్మియం 214.438, 226.502 (నానోమీటర్లు) గీతలు రెండింటి మీదా ఇనుము పడుతుంది. 228.802కి పోతే అక్కడ ఆర్సెనిక్ కాచుకుని ఉంటుంది. కాడ్మియం లేని 600 మి.గ్రా. ఇనుము ద్రావణం పెట్టి, ఎంత దొంగ కాడ్మియం కనిపిస్తోందో చూసి దిద్దుబాటు గుణకం వేసుకోండి. రెండు గీతల ఫలితాలు కలవకపోతే ఆ అంకె రాయొద్దు. సీసం 220.353 దగ్గర అల్యూమినియం బ్యాక్‌గ్రౌండ్‌ని లేపుతుంది, అదీ చూసుకోవాలి.

అంతకంటే పెద్ద గోతి ఇట్రియం. అలవాటుగా దాన్ని ఇంటర్నల్ స్టాండర్డ్‌గా (సంకేతంలో హెచ్చుతగ్గులు దిద్దడానికి అన్ని నమూనాల్లో సమానంగా) లీటరుకి 1 మి.గ్రా. కలుపుతారు. మన గార్నెట్‌లోనే ఇట్రియం, స్కాండియం ఉంటాయి! మట్టిలో కిలోకి 30 మి.గ్రా. ఇట్రియం ఉండి అంతా కరిగితే ద్రావణంలో 0.3 అదనంగా చేరుతుంది. యంత్రం దాన్ని సంకేతం పెరిగిందనుకుని ఫలితాలన్నీ దాదాపు 23 శాతం తగ్గించేస్తుంది. తమాషా ఏంటంటే, హెచ్‌ఎఫ్ వేసి గార్నెట్‌ని బాగా కరిగించేకొద్దీ ఈ తప్పు ముదురుతుంది.

నీటిబొట్టు: ఇట్రియం కలపని నమూనా ఒకటి పెట్టి 371.029 దగ్గర చూస్తే తేలిపోతుంది కదా?

ప్లాస్మా: అదే చెయ్యాలి. ఏమైనా కనిపిస్తే ఇండియం 230.606కి మారండి. గీత కాస్త నీరసం, గాఢత పెంచి వాడాలి.

ఖొండలైట్: ఇట్రియం సంగతి నేను ఆలోచించలేదు, సరే. క్రోమియం కోసమైతే హెచ్‌ఎఫ్‌కి కూడా క్రోమైట్ (క్రోమియం ఖనిజం) పూర్తిగా లొంగదు, లిథియం మెటాబోరేట్‌తో కరిగించి పొయ్యాలి. అది వేరే నమూనా, వేరే రోజు పని. అన్నట్టు మట్టిపరీక్ష గారూ, నూరింది దేంతో? క్రోమ్ స్టీలు మిల్లయితే క్రోమియం అక్కడే ఎక్కేసి ఉంటుంది.

మట్టిపరీక్ష: అగేట్ రాతి రోలే.

నీటిబొట్టు: అయితే నాలుగింటికీ ఆక్వా రీజియా, క్రోమియం కోసం ఐదారు నమూనాలకి మాత్రం మెటాబోరేట్. ప్రతి బ్యాచ్‌లో మట్టి వెయ్యని ఖాళీ ఆమ్లం ఒకటి, 2709ఏ ఒకటి, ఒక మట్టికి రెండు ప్రతులు పెట్టండి. 2709ఏ ఫలితాన్ని మొత్తం విలువతో కాదు, ఆమ్లంలో దిగే విలువతో పోల్చండి. ఎర్రమట్టి దిబ్బల మట్టి మాత్రం తవ్వకండి, అది రక్షిత స్థలం.