హెరాల్డ్‌లో ఈకో ఇంజిన్ పెడితే తప్పేంటి?

అల్వాల్_హెరాల్డ్:
మామయ్య వాడిన 1966 స్టాండర్డ్ హెరాల్డ్, రెండు డోర్లది, ఇంటి పోర్టికోలోనే బాగుచేసుకుంటున్నా. పైకప్పు బోల్టులు విప్పి తీసేశాను. గుడ్డ టాప్ కుట్టించి స్పోర్ట్స్ కారులా తిప్పాలని కోరిక. టింకరింగ్ అయిపోయింది. ఇక ఇంజిన్ సంగతి. పాత 948 సీసీ ఇంజిన్ స్టార్టవుతుంది గానీ, ఎండలో రెండు సిగ్నళ్లు దాటేసరికి టెంపరేచర్ ముల్లు చివరికి పోతుంది. యాక్సిడెంట్ అయిన మారుతి ఈకో వ్యాన్ ఇంజిన్, 1196 సీసీ, గేర్‌బాక్స్‌తో సహా దొరుకుతోంది. ఈకో కూడా వెనక చక్రాల మీద నడిచే బండే కాబట్టి నిలువుగా కూర్చుంటుంది. పెట్టేయమంటారా?

నంబర్_మ్యాచింగ్:
పెట్టొద్దు. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ రూల్స్ తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన బండికి వీఏ సిరీస్ నంబర్ ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, పదేళ్లు చెల్లుతుంది. షరతు ఏంటంటే బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చితే ఆ దారి మూసుకుపోయినట్టే. ఈకో ఇంజిన్‌తో మీది ఒక పాత రేకు డబ్బా, అంతే.

స్పానర్_సీను:
అన్నా, ఆ రూల్ మొత్తం చెప్పండి. వీఏ నంబర్ పెట్టుకున్న బండిని ర్యాలీకి, ప్రదర్శనకి, పెట్రోలుకి, రిపేరుకి తప్ప రోడ్డెక్కించకూడదు. ఆయన తిప్పుకుంటానంటుంటే మీరు మ్యూజియం టికెట్ చేతిలో పెడుతున్నారు. పైకప్పు తీయడం మాత్రం అసలు రూపమా?

నంబర్_మ్యాచింగ్:
అది బోల్టులతో బిగించిన కప్పు. మళ్లీ బిగిస్తే వస్తుంది. కంపెనీ వాళ్లే అలా చేశారు.

స్పానర్_సీను:
ఇంజిన్‌కి కూడా బోల్టులే ఉంటాయి మాస్టారూ.

పాతబండి_గుంటూరు:
రంగు ఏం వేస్తున్నారు? రెండు రంగులైతే బాగుంటుంది.

కొవెంట్రీ_తెలుగు:
మన స్టాండర్డ్ హెరాల్డ్ అసలు ఇంగ్లండ్ ట్రయంఫ్ వాళ్ల కారు. దాని ఛాసిస్‌నే 91.5 అంగుళాల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) నుంచి 83కి కుదించి వాళ్లు 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తీశారు. రెండింటి డిజైనూ ఇటలీ డిజైనర్ మైకెలొట్టిదే. నా దగ్గర స్పిట్‌ఫైర్ ఉంది కాబట్టి రెండింటికీ ఒకే రకంగా ఉండే వెనక ఆక్సిల్ గురించి ఒక మాట. మలుపులో స్పీడుగా తిరుగుతూ ఒక్కసారి యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక భాగం లేస్తుంది, బయటివైపు చక్రం అడుగు లోపలికి మడుచుకుంటుంది. అసలు హెరాల్డ్ ఇంజిన్ నలభై హార్స్ పవర్ లోపే. ఈకోది 73. బ్రేకులు నాలుగు వైపులా డ్రమ్ములే కదా? ముందు అవి చూసుకోండి. ఇంతకీ వేడెక్కుతోందంటే రేడియేటర్ విప్పి చూశారా?

స్పానర్_సీను:
1967లో మార్క్ 3 స్పిట్‌ఫైర్ 75 హార్స్ పవర్‌తో అదే ఆక్సిల్ మీద వచ్చింది. 73 అనగానే భయమా?

కొవెంట్రీ_తెలుగు:
వచ్చింది. 1970లో మార్క్ 4 వచ్చేసరికి కంపెనీయే ఆ వెనక ఆక్సిల్ కమాన్ కట్ట (లీఫ్ స్ప్రింగ్) అమరిక మార్చింది. అంతకుముందే ట్రయంఫ్ వాళ్లదే ఆరు సిలిండర్ల జీటీ6 కారుని ఇదే విషయంలో అందరూ తిట్టారు, 1968లో దాని వెనక సస్పెన్షన్ కూడా మార్చారు. పైగా స్పిట్‌ఫైర్‌కి మొదటి నుంచీ ముందు డిస్క్ బ్రేకులున్నాయి.

స్పానర్_సీను:
అయితే డిస్కులు వేయమనండి. ఇంజిన్ వద్దని కాదుగా?

నంబర్_మ్యాచింగ్:
డిస్కులు, కమాన్ కట్టలు పక్కన పెట్టండి. ఆర్సీ మీద ఇంజిన్ నంబర్ ఉంటుంది, దానికి జవాబు చెప్పండి. ఇంజిన్ మార్చాలంటే ముందు ఆర్టీవో అనుమతి కావాలి. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.
నేను కొన్న హెరాల్డ్‌లో ముందు ఓనరు డీజిల్ ఇంజిన్ దింపాడు. ఆర్సీలో పెట్రోలు. ట్రాన్స్‌ఫర్‌కి వెళ్తే కాగితాలు మొహాన కొట్టి పంపారు. అసలు ఇంజిన్ ఏదయ్యా అంటే పాత ఇనుము కింద కిలోల లెక్కన వేశానన్నాడు. బండి ఇప్పటికీ షెడ్డులో కవర్ కింద ఉంది. ఆయనకూ ఎవరో ఇలాగే "పెట్టేయ్ అన్నా, ఏం కాదు" అని చెప్పుంటారు.

స్పానర్_సీను:
మీ బండి కథకి ఈయన బండికి సంబంధం ఏంటి? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

ఆటోనగర్_బుజ్జి:
ఒక్క నిమిషం. సీనన్నా, పోయిన నెల అమ్మకాల విభాగంలో "హెరాల్డ్ 948 ఇంజిన్ కావాలి, ఏ కండిషన్ అయినా పర్లేదు" అని పోస్టు పెట్టింది నువ్వే కదా?

నంబర్_మ్యాచింగ్:
ఓహో. ఇదా సంగతి! ఆయన ఇంజిన్ తీస్తే అటు వైపు సంచి పట్టుకుని నిలబడ్డావన్నమాట. ఇంతసేపూ సలహా అనుకున్నాం.

స్పానర్_సీను:
అవును, కావాలి. దాచుకున్నానా? అందరికీ కనిపించేలాగే పెట్టాను. నా స్టాండర్డ్ గజెల్ కారు ఇంజిన్ బ్లాక్ పగిలింది. అదీ 948నే. మద్రాసు పుదుపేట పాత సామాన్ల బజారు రెండుసార్లు తిరిగొచ్చాను, రాణిగంజ్‌లో అడగని షాపు లేదు. ఎందుకు దొరకట్లేదో తెలుసా? మీలాంటివాళ్లు ఒక్కొక్కరు రెండు మూడు బండ్లు కొని కవర్ కింద పడేశారు. తిప్పరు, అమ్మరు, ఒక నట్టు కూడా ఇవ్వరు. అడిగితే "ఒరిజినల్" అంటారు. ఒరిజినల్ అంటే మీ దృష్టిలో రేటు. పదేళ్లాగి బొంబాయి వాడికి అమ్ముకోవడానికి.

నంబర్_మ్యాచింగ్:
నోరు జాగ్రత్త. నాది తిరగనిది మీలాంటి షెడ్డు మేస్త్రీల పుణ్యమే. "తిరిగే బండి" పేరు చెప్పి ఒక్కో కారునూ కోసి, ఇంకోదానికి అతికించి, చివరికి ఊళ్లో నిఖార్సైన హెరాల్డ్ ఒక్కటీ లేకుండా చేశారు. రేపు మద్రాసు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండి ఇలా ఉండేది అని పిల్లలకు చూపించాలంటే ఏం చూపిస్తాం? ఈకో ఇంజినా?

స్పానర్_సీను:
కవర్ చూపించండి.

పాతబండి_గుంటూరు:
😂 రంగు మాత్రం ఎవరూ చెప్పలేదు.

నిర్వాహకుడు:
వ్యక్తిగత మాటలు ఆపండి. ఇంకొకసారైతే ఇద్దరి పోస్టులూ తీసేస్తాను.

అల్వాల్_హెరాల్డ్:
మీరిద్దరూ కొట్టుకుంటున్నంతసేపూ నేను కొవెంట్రీ గారు అడిగిన పని చేశాను. రేడియేటర్ విప్పి కింది గొట్టం నుంచి పైపుతో నీళ్లు కొడితే తుప్పు రంగు బురద వచ్చింది. కింది వరస గొట్టాలు సగం మూసుకుపోయి ఉన్నాయి. ఇంజిన్‌కి రోగం లేదనిపిస్తోంది. రీకోర్‌కి (లోపలి గొట్టాల వరస కొత్తది వేయడానికి) ఇచ్చాను, ఒక ఎలక్ట్రిక్ ఫ్యాన్ కూడా పెట్టిస్తున్నా, ఎప్పుడైనా తీసేయొచ్చు. ఈకో వాడికి అడ్వాన్స్ ఇవ్వలేదు.
నంబర్ గారూ, వీఏ నంబర్‌కి మాత్రం వెళ్లను. పాత ఆర్సీనే రెన్యువల్ చేయించుకుని తిప్పుకుంటా. ఆదివారం పొద్దున మా అమ్మని ఎక్కించుకుని శామీర్‌పేట చెరువు దాకా వెళ్లడానికే ఈ పాట్లన్నీ.

నంబర్_మ్యాచింగ్:
తిప్పుకోండి. కప్పు బోల్టులు మాత్రం పారేయకండి, డబ్బాలో వేసి రాసి పెట్టుకోండి.

కొవెంట్రీ_తెలుగు:
స్పిట్‌ఫైర్ డిస్కులు హెరాల్డ్‌కి పడతాయి, స్టబ్ ఆక్సిల్‌తో (చక్రం బిగించే చిన్న ఇరుసు) సహా తీసుకోవాలి. ఇక్కడ ఇంగ్లండ్‌లో సెకండ్‌హ్యాండ్‌వి దొరుకుతాయి. బరువుంటాయి, సూట్‌కేసులో కష్టం. విడిగా మెసేజ్ పెట్టండి.

అల్వాల్_హెరాల్డ్:
థాంక్సండీ. బ్రేకుల గురించి వేరే థ్రెడ్ మొదలుపెడతా. రంగు ఇంకా తేల్చుకోలేదు.

స్పానర్_సీను:
సరే అన్నా, ఇంజిన్ ఉంచుకో. ఆ పాత గేర్‌బాక్స్‌లో ఫస్ట్ గేర్ వేసేటప్పుడు వచ్చే గోలతో విసుగొచ్చి గేర్‌బాక్స్ మారిస్తే మాత్రం నాకే చెప్పు.