వర్డ్‌లో ఒక్క ఫైల్ కోసం మాక్రో

ప్రశ్న: 400 పుస్తకాల జాబితా ఉంది, ప్రతి ఎంట్రీ మొదట్లో ఉన్న సంవత్సరాన్ని తీసి చివర కామా తర్వాత పెట్టాలి. 40 చేసేసరికే వేళ్లు లాగేస్తున్నాయి. ఈ ఒక్క పని కోసం కోడ్ నేర్చుకోవాలా?

జవాబు 1: అక్కర్లేదండీ, మాక్రో చాలు: మీరు ఒకసారి నొక్కి చూపించిన కీల వరుసను వర్డ్ గుర్తుపెట్టుకుని, ఒక్క షార్ట్‌కట్ నొక్కిన ప్రతిసారీ మళ్లీ చేస్తుంది. వ్యూలో మాక్రోస్, రికార్డ్ మాక్రో నొక్కి, ఏదో ఒక పేరూ షార్ట్‌కట్ కీ ఇచ్చి, ఒక్క ఎంట్రీ మీద పని చేసి చూపించండి: హోమ్, కంట్రోల్ షిఫ్ట్ కుడి బాణం, కట్, ఎండ్, కామా, స్పేస్, పేస్ట్, కింది బాణం, హోమ్. రికార్డింగ్ ఆపేయండి. చివరి రెండూ మరిచిపోతే కర్సర్ అదే లైన్‌లో ఉండిపోయి మాక్రో దాన్నే పాడుచేస్తుంది.

జవాబు 2: రికార్డ్ అవుతున్నప్పుడు మౌస్‌తో టెక్స్ట్ సెలెక్ట్ కాదు, అంతా కీబోర్డే. ముందు ఫైల్‌కి ఒక కాపీ తీసిపెట్టుకోండి, దయచేసి.

ప్రశ్న అడిగినవారు: పనిచేసింది! కానీ పేరు పొడవై రెండో లైన్‌కి జారిన చోట సంవత్సరం మధ్యలో పడుతోంది.

జవాబు 1: ఎండ్ తెరమీది లైన్‌నే చూస్తుంది. దాని బదులు కంట్రోల్ కింది బాణం, తర్వాత ఎడమ బాణం నొక్కితే పేరా చివరికి వెళ్తుంది. పేస్ట్ అయ్యాక కుడి బాణం ఒక్కటి చాలు. అదే పేరుతో మళ్లీ రికార్డ్ చేయండి, పాతది పోతుంది.