కరెంటు లైను లేని పొలంలో ఇల్లు, వెల్డింగ్ షెడ్డు: ఎంత సోలార్ కావాలి?

ఎర్రనేల

అందరికీ నమస్కారం. కళ్యాణదుర్గం వైపు పొలంలో చిన్న ఇల్లు, దానికి 30 మీటర్ల దూరంలో వ్యవసాయ పనిముట్లు రిపేరు చేసే షెడ్డు కడుతున్నాం. లైను కిలోమీటరు పైనే ఉంది. స్తంభాలకు వేసిన ఎస్టిమేటు చూశాక కరెంటు ఆశ వదిలేశాం.

ఇంట్లో 8 ఎల్‌ఈడీ బల్బులు, 4 బీఎల్‌డీసీ (కరెంటు తక్కువ లాగే) ఫ్యాన్లు, 190 లీటర్ల ఫ్రిజ్, టీవీ, మిక్సీ, వాషింగ్ మెషిన్, 1 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు. షెడ్డులో 200 ఆంపుల ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్, 4 అంగుళాల గ్రైండరు, 14 అంగుళాల కటింగ్ మెషిన్, అర హెచ్‌పీ డ్రిల్లింగ్ మెషిన్, 2 హెచ్‌పీ కంప్రెసరు.

డీలరు ఇచ్చిన కొటేషన్: 540 వాట్ల ప్యానెళ్ళు 6 (మూడేసి ఒకదాని వెనక ఒకటి, సిరీస్‌లో), 150 వోల్టుల 60 ఆంపుల ఎంపీపీటీ (ప్యానెళ్ళ నుంచి బ్యాటరీని చార్జ్ చేసే కంట్రోలరు), 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు 4, 5 కేవీఏ ఇన్వర్టరు. ఇది సరిపోతుందా? లిథియానికి పోవాలా? అసలు వెల్డింగ్ నడుస్తుందా?

యూనిట్లలెక్క

ముందు రోజుకు ఎన్ని యూనిట్లో తేల్చుకోండి. మీ జాబితా ప్రకారం ఇంటికి దాదాపు 4.8 యూనిట్లు. అందులో ఫ్యాన్లు 1.4, మోటారు గంటన్నరకు 1.3, ఫ్రిజ్ 0.8, మిగతావన్నీ చిల్లర. షెడ్డుకు 6.5 అనుకోవచ్చు: వెల్డింగ్ గంట ఆర్క్‌కు 3, గ్రైండరు గంటన్నరకు 1.3, కటింగ్ మెషిన్ అరగంటకు 1.1, కంప్రెసరు, డ్రిల్లు కలిపి ఇంకో 1.1. ఇక్కడ ఆర్క్ టైమే లెక్క. పొద్దంతా వెల్డింగ్ చేసినా రాడ్డు వెలిగి ఉండేది అందులో కొంతసేపే. మొత్తం 11.3.

మన వైపు ఏప్రిల్‌లో పూర్తి బలంతో కాసే ఎండ రోజుకు 6 గంటల లెక్కన తీసుకోవచ్చు కానీ, సైజు వేయాల్సింది జులై-ఆగస్టు మబ్బులకు. అప్పుడు 4.5 తీసుకోండి. వేడి, దుమ్ము, వైరు, ఇన్వర్టరు నష్టాలన్నీ కలిపి 0.7తో గుణించండి. వేడిని చిన్నచూపు చూడొద్దు. ఎండాకాలం మధ్యాహ్నం ప్యానెల్ సెల్ 65-70 డిగ్రీలకు పోతుంది, 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి 0.35 శాతం చొప్పున ఉత్పత్తి పడిపోతుంది. అంటే అచ్చంగా 15 శాతం దాకా గాలికి పోయినట్టే. రేకుల మీద బిగిస్తే కింద కనీసం 10-15 సెంటీమీటర్లు గాలి ఆడే సందు ఉంచండి.

డీలరు చెప్పిన 6 ప్యానెళ్ళు 3.24 కిలోవాట్లు. వానాకాలంలో 3.24 × 4.5 × 0.7 = 10.2 యూనిట్లు. చాలదు. ఆయన ఎండాకాలం లెక్క వేసినట్టున్నారు. 8 పెడితే 13.6 వస్తాయి, అది కనీసం.

బ్యాటరీ మాత్రం షెడ్డు కోసం లెక్క కట్టొద్దు. షెడ్డు పని ఎండ ఉన్నప్పుడే, పది నుంచి మూడు లోపల. ఆ నాలుగు ట్యూబులర్లు కాగితం మీద 7.2 యూనిట్లు, సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి చేతికొచ్చేది 3.6. ఇంటికి రాత్రి 2.2 దాకా పోతాయి, ఇక మబ్బు పట్టిన రోజుకు మిగిలేదేముంది? ఇంకో చిక్కు: 150 ఏహెచ్ ట్యూబులర్ 15-20 ఆంపులతో చార్జ్ అవ్వాలి. 60 ఆంపులు వచ్చినా దానికి ఎక్కవు. పని లేని రోజు ఎండంతా వృథా. 51.2 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ ప్యాకులు రెండు తీసుకోండి. 10 యూనిట్లలో 8 పైగా నిశ్చింతగా వాడుకోవచ్చు.

కాపర్‌వైండింగ్

యూనిట్ల సంగతి పైన అన్నగారు చెప్పేశారు. కొంప ముంచేది స్టార్టింగ్ కరెంటు.

2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ కంప్రెసరు నడుస్తుంటే 10 ఆంపులు లాగుతుంది, ఎత్తుకునే క్షణంలో 50-60. అంటే 12 కేవీఏ పైమాటే. మీ కొటేషన్‌లో ఇన్వర్టరు ఏ రకమో రాయలేదు. ఆ ధరల్లో ఎక్కువగా వచ్చేది హై ఫ్రీక్వెన్సీ రకం (బరువైన ట్రాన్స్‌ఫార్మర్ లేనిది), అది రెండు రెట్లు కొన్ని సెకన్లే మోస్తుంది. ట్రిప్ అవుతుంది, ఇల్లంతా చీకటి. 1 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ కూడా ఎత్తుకునేటప్పుడు 25-30 ఆంపులు అడుగుతుంది.

వెల్డింగ్ చూద్దాం. 12 నంబరు రాడ్డు (2.5 ఎంఎం) 80 ఆంపుల మీద కొడితే మెషిన్ లోపలికి తీసుకునేది 2.3 కిలోవాట్లు. చవక మెషిన్లలో పవర్ ఫ్యాక్టరు (లాగిన దాంట్లో నిజంగా పనికొచ్చే వంతు) 0.65 దగ్గర ఉంటుంది గనుక ఇన్వర్టరు మీద పడేది 3.5 కేవీఏ. 10 నంబరు (3.15 ఎంఎం) 110 ఆంపులకు ఆ లెక్క 5 కేవీఏ అవుతుంది. పవర్ ఫ్యాక్టరు కరెక్షన్ ఉన్న మెషిన్ కొంటే అదే పని మూడున్నర లోపల అయిపోతుంది. ఎవరో సగం ధరకు ఇస్తామన్నారని పాత టూ ఫేజ్ ఆయిల్ వెల్డింగ్ మెషిన్ మాత్రం తెచ్చుకోకండి, దానికి 415 వోల్టులు కావాలి.

నా సలహా: ఒకే బ్యాటరీ, రెండు ఇన్వర్టర్లు. ఇంటికి 3 కేవీఏ మామూలుది. షెడ్డుకూ బోరు మోటారుకూ 5 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ రకం, ఇది క్షణం పాటు రెండున్నర, మూడు రెట్లు తట్టుకుంటుంది. ఊరకే ఆన్‌లో ఉంటే 50-80 వాట్లు తాగుతుంది, కాబట్టి పని అయిపోగానే ఆపేయాలి. షెడ్డుది లో-కట్ (బ్యాటరీ ఇంతకు తగ్గితే ఇన్వర్టరు ఆగిపోయే హద్దు) 51 వోల్టులకు, ఇంటిది 48కి పెట్టండి. బ్యాటరీ తగ్గితే ముందు షెడ్డు ఆగుతుంది, ఇంట్లో ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి.

కంప్రెసరుకు ఇంకా మంచి దారి త్రీ ఫేజ్ మోటారు, సింగిల్ ఫేజ్ ఇన్‌పుట్ ఉన్న వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మెల్లగా పెంచే పరికరం). మెల్లగా ఎత్తుకుంటుంది, దూకుడే ఉండదు. మోటారు టెర్మినల్ బాక్సులో ఆరు కొసలు బయటికి వచ్చి ఉండాలి. స్టార్‌లో ఉన్న పట్టీలు తీసి డెల్టాకు (చుట్టలు కలిపే రెండో పద్ధతికి) మార్చకపోతే 230 వోల్టుల మీద బలం రాదు.

ఎర్రనేల

చాలా థాంక్స్ అన్నా. రెండు ఇన్వర్టర్ల ఆలోచన బాగుంది. 8 ప్యానెళ్ళు అంటే డీలరు అదే ఎంపీపీటీకి "మూడు, మూడు, రెండు" సిరీస్ పెడతానంటున్నాడు. పర్లేదా?

డీసీ‌లైను

వద్దు! రెండు తప్పులు. మూడు ఉన్న వరసలనూ రెండు ఉన్న వరసనూ ఒకే ఎంపీపీటీకి కలిపితే వోల్టేజీలు పొసగవు, రెండు ప్యానెళ్ళ వరస దాదాపు పని చేయదు. రెండోది ఇంకా ప్రమాదం. 540 వాట్ల ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (లోడు లేనప్పుడు ఉండేది) 49.5 దగ్గర ఉంటుంది. మూడు కలిపితే 148.5. అది 25 డిగ్రీల లెక్క. డిసెంబరు తెల్లారుజామున 12 డిగ్రీలుంటే 3.5 శాతం పెరిగి 153 దాటుతుంది. 150 వోల్టుల కంట్రోలరు ఆ పొద్దే పోతుంది, వారంటీ కూడా ఇవ్వరు. మీ పాత కొటేషన్‌లోనూ ఇదే లోపం ఉంది.

250 వోల్టుల 100 ఆంపుల కంట్రోలరు తీసుకుని నాలుగేసి చొప్పున రెండు వరసలు పెట్టండి. చలిలో కూడా 205 దాటదు. ఒక్కో వరసకు విడిగా 6 చదరపు ఎంఎం సోలార్ కేబులు వేస్తే 30 మీటర్లకు పడే డ్రాప్ 2.3 వోల్టులు, ఒకటిన్నర శాతం లోపే. రెండు వరసలకు ఫ్యూజులు అక్కర్లేదు, మూడోది కలిపిన రోజు ఒక్కోదానికీ పెట్టాలి.

బ్యాటరీ నుంచి 5 కేవీఏ ఇన్వర్టరుకు 115 ఆంపులు పోతాయి: 35 చదరపు ఎంఎం రాగి కేబులు, రెండు మీటర్ల లోపు, బ్యాటరీ పక్కనే 160 ఆంపుల డీసీ ఫ్యూజు. రెండు లిథియం ప్యాకుల కేబుళ్ళు సమాన పొడవు ఉండాలి, లేకుంటే ఒకటే ఎక్కువ మోస్తుంది. ఎలక్ట్రీషియన్ ఏసీ ఎంసీబీ (ఓవర్‌లోడైతే తనంతట పడిపోయే స్విచ్చి) తెచ్చి డీసీ వైపు బిగిస్తానంటే ఒప్పుకోవద్దు. డీసీ కరెంటు సున్నాకు రాదు, ఆర్క్ ఆరదు, స్విచ్చే కాలిపోతుంది.

ఎర్త్ గుంటలు మూడు: ప్యానెల్ ఫ్రేములకు, ఇన్వర్టర్లకు, పిడుగు కడ్డీకి. 5 ఓమ్‌ల లోపు రావాలి. ఎర్రనేల ఎండాకాలం ఎండిపోతుంది, బెంటొనైట్ (తేమ పట్టి ఉంచే బంకమట్టి) వేసి నీళ్ళు పోస్తుండండి. ఇంకోటి చాలామంది వదిలేస్తారు: ఇన్వర్టరు అవుట్‌పుట్‌లో న్యూట్రల్‌ను ఎర్త్‌తో కలపకపోతే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపే స్విచ్చి) షాక్ కొట్టినా పడదు. ఇన్వర్టరు లోపలే కలిపారేమో మాన్యువల్ చూసి, లేకుంటే బోర్డు దగ్గర ఒక్క చోట కలపండి. రెండు ఇన్వర్టర్ల న్యూట్రళ్ళు మాత్రం ఒకదానికొకటి వాడకూడదు.

కాపర్‌వైండింగ్

ఒక మాట మరిచాను. ఇన్వర్టర్లు, బ్యాటరీలు షెడ్డులో పెట్టొద్దు. గ్రైండరు ఇనుప రజను ఫ్యాను లాగేసుకుని బోర్డు మీద చేరుతుంది, ఒకరోజు షార్ట్ అవుతుంది. ఇంటి పక్కన ఉత్తరం వైపు చిన్న గది కట్టండి, లిథియానికి 45 డిగ్రీలు దాటకుండా చూడండి.

యూనిట్లలెక్క

సబ్సిడీ అడిగేలోపే చెబుతున్నా: ఇంటి మీది సోలారుకు ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం గ్రిడ్ (కరెంటు లైను) కనెక్షన్ ఉన్న ఇళ్ళకే. పైరుకు వేరే బోరు ఉంటే కుసుమ్ పథకంలో 7.5 హెచ్‌పీ దాకా సోలార్ పంపులకు సబ్సిడీ ఇచ్చేవారు, ఇప్పుడు ఉందేమో వేరుగా అడగండి. ఇంటి మోటారుకు 2000 లీటర్ల ట్యాంకు ఎత్తు మీద పెట్టి పగలే నింపుకోండి.