అయిదు సంఘాలు కలిసి సువార్త సభలు జరపాలంటే ముందుగా ఏమి తేల్చుకోవాలి?

ప్రశ్న (సంఘ యువజన కార్యదర్శి, పల్నాడు ప్రాంతం):

ప్రభువు నామమున అందరికీ వందనాలు. మా మండల కేంద్రంలో లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు, హెబ్రోను సహవాసం, ఒక స్వతంత్ర సంఘం, మొత్తం అయిదు సంఘాలు ఉన్నాయి. వచ్చే ఏడాది ఫిబ్రవరిలో అందరం కలిసి మూడు రాత్రులు సువార్త సభలు జరపాలని కాపరులు అనుకుంటున్నారు, ఆ ఏర్పాట్ల భారం నా మీద ఉంచారు. కొన్నేళ్ళ క్రితం ఇటువంటి ప్రయత్నమే జరిగింది. ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో పైన ఉండాలన్న చోట మొదలైన అలక కానుకల లెక్క దగ్గర తగవుగా మారింది. అన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధించినది వేరొకటి ఉంది. ఆ సభలలో చేతులెత్తి ముందుకు వచ్చిన మూడు కుటుంబాలను ఎవరికి వారు తమవని పిలుచుకోవడంతో, ఆ కుటుంబాలు విసిగి ఏ సంఘానికీ రాకుండా పోయాయి. ఈసారి అలా జరగకూడదు. ఏది ముందు చేయాలో అనుభవం ఉన్న పెద్దలు తెలియజేయగలరు.

జవాబు (విశ్రాంత సంఘ కాపరి, గుంటూరు):

తమ్ముడూ, నీ ప్రశ్నలో చివరగా వ్రాసిన మాటనే మొదటి పనిగా తీసుకో. సాధారణంగా ప్రసంగీకుని తేదీలు ఖాయం చేసుకొని, షామియానాకు బయానా ఇచ్చి, ఆ తరువాత మిగతా సంగతులు చూసుకుందామని అనుకుంటారు. సభలు ముగిసిన మరుసటి సోమవారం ఎవరు ఎవరి ఇంటికి వెళ్ళాలన్నది తేలకుండా ప్రసంగీకుని పిలవవద్దు.

ఇది ఎందుకు ఇంత కష్టమైందో కొంచెం వెనక్కి వెళ్తే అర్థమవుతుంది. మిషనరీల కాలంలో మిషన్లు ప్రాంతాలను పంచుకొని పనిచేశాయి. గుంటూరు వైపు 1842లో మిషనరీ హేయర్ వచ్చినది మొదలు లూథరన్లు, నెల్లూరు, ఒంగోలు వైపు బాప్టిస్టులు, దోర్నకల్ వైపు ఆంగ్లికన్లు, మెదక్ వైపు మెథడిస్టులు ఉండేవారు. ఒక ఊరిలో ఒకే సంఘం ఉన్నప్పుడు కొత్త విశ్వాసి ఎటు వెళ్ళాలన్న ప్రశ్నే పుట్టేది కాదు. ఇప్పుడు ఆ హద్దులు లేవు. అప్పుడు హద్దు చేసిన పనిని ఇప్పుడు వ్రాతపూర్వకమైన ఒప్పందం చేయాలి.

ఒప్పందంలో మూడు మాటలు చాలు. ఎవరు తీసుకువస్తే వచ్చారో ఆ సంఘమే ఆ కుటుంబాన్ని చూసుకోవాలి. ఎవరూ తీసుకురాకుండా తమంతట తాము వచ్చినవారిని వారి ఇంటికి దగ్గరగా ఉన్న సంఘం చూసుకోవాలి, లేదా వారినే అడిగి వారి ఇష్టప్రకారం చేయాలి. బాప్తిస్మం విషయంలో చిలకరింపా, ముంచుడా అన్న చర్చను ఉమ్మడి వేదిక మీద ఎవరూ ఎత్తకూడదు, మూడు నెలలు వాక్యం నేర్పిన తరువాతనే ఏ సంఘమైనా తన పద్ధతి ప్రకారం ఇవ్వాలి. దీని మీద అయిదుగురు కాపరులూ, సంఘానికి ఒక పెద్ద చొప్పున మరో అయిదుగురూ సంతకాలు చేయాలి. గొర్రెలను దొంగిలించారన్న మాట, అంటే మా విశ్వాసులను మీ సంఘానికి లాక్కున్నారన్న మాట, ఒక్కసారి నోట వచ్చిందంటే పదేళ్ళ వరకు ఆ ఊరిలో కాపరులు ఒక బల్ల చుట్టూ కూర్చోరు. నేను కళ్ళారా చూశాను.

కలిసి పనిచేయడమంటే కలిసిపోవడం కాదని మీ సంఘ పెద్దలకు ధైర్యం చెప్పు. చీలిపోయిన సంఘం ఇరుగుపొరుగుకు ఏమి సాక్ష్యమిస్తుందన్న వేదనతోనే దోర్నకల్ బిషప్ అజరయ్య వంటివారు 1919లో తమిళ దేశపు తరంగంబాడిలో ఐక్యత గురించి కూర్చుని మాట్లాడారు, ఆ ప్రయాణం 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా (సి.ఎస్.ఐ.) ఫలించింది. మన లూథరన్లు గాని, తెలుగు బాప్టిస్టులు గాని అందులో చేరలేదు. అయినా 1964లో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను వేరువేరు సంఘాలు కలిసే స్థాపించి తమ కాపరులను అక్కడే చదివించుకున్నాయి. ఎవరి ఆచారం వారు ఉంచుకొని ఒక పని కలిసి చేయవచ్చునని చెప్పడానికి అదే చాలు.

ఇక ఫ్లెక్సీ. ఫొటోలు అసలు వద్దు. ఒక బైబిలు వాక్యం, తేదీలు, స్థలం, సంఘాల పేర్లు అకారాది క్రమంలో వేయించు. అలకకు తావు ఉండదు.

కానుకల విషయంలో, ఏ రాత్రి కానుక ఆ రాత్రే, ఆ స్థలంలోనే, మూడు సంఘాలకు చెందిన ముగ్గురు లెక్కించి సంతకం చేసి, మరునాటి సభ ఆరంభంలో మొత్తం చదివి వినిపించాలి. ఖర్చులో అందరూ సమాన వాటా వేసుకోవాలని పట్టుపట్టవద్దు. ముప్పై కుటుంబాల సంఘాన్నీ మూడు వందల కుటుంబాల సంఘాన్నీ ఒకే కాటాలో తూచడం న్యాయం కాదు. విదేశాల నుండి సహాయం తెప్పిస్తామని ఎవరైనా అంటే మర్యాదగా వద్దని చెప్పు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో జరిగిన సవరణ తరువాత, విదేశీ విరాళం పొందే అనుమతి ఉన్న సంస్థ కూడా ఆ డబ్బును మరొక సంస్థకు గాని, ఉమ్మడి కమిటీకి గాని బదిలీ చేయరాదు. పర్యాటక వీసా మీద వచ్చిన విదేశీయులను ప్రసంగానికి నిలబెట్టడం కూడా నిబంధనలకు విరుద్ధమే.

మైకు అనుమతి వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకరు వాడరాదు, ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా పరిగణించే వీలుంది. కనుక హైస్కూలు మైదానం విశాలంగా ఉన్నదని అటు చూడకుండా, చర్చి ఆవరణనో, యజమాని సమ్మతి పత్రం ఇచ్చిన ఖాళీ స్థలాన్నో ఎంచుకోండి. మీ వైపు ఫిబ్రవరి అంటే మిరప కోతల కాలం, కోతకు వెళ్ళినవారు చీకటి పడ్డాక గాని ఇల్లు చేరరు. ఏడింటికి పాటలు ఆరంభించి, ఎనిమిదింబావుకు వాక్య ప్రసంగం మొదలుపెడితే తొమ్మిదిన్నరకు ముగించవచ్చు. ఇద్దరు ప్రసంగీకులు ఉంటే ఇది సాధ్యం కాదు, రాత్రికి ఒక్కరే చాలు.

కరపత్రాలను గుడి ముందర గాని, మసీదు ముందర గాని పంచవద్దు. ప్రభుత్వం ప్రకటించిన ప్రార్థనా స్థలాల వద్ద అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 2007లో చట్టం వచ్చింది. చట్టం వర్తించని చోట కూడా పొరుగువారి పూజకు అడ్డు వెళ్ళడం మనకు తగదు.

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయురాలు, స్త్రీల సమాజ సభ్యురాలు):

బాబూ, అయ్యగారు చెప్పినదంతా సరైనదే, నాదొక మాట చేరుస్తాను. సంఘాలు కలవడం మగవారికి కొత్త కావచ్చు గాని స్త్రీలకు కొత్త కాదు. మార్చి మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థనా దినాన మా ఊరిలో నాలుగు సంఘాల స్త్రీలం ఏళ్ళ తరబడి ఒకే చోట కూడుకుంటున్నాం. మీ ఊరిలో అటువంటి కూడిక ఉంటే ఆ స్త్రీలను కమిటీలోకి తీసుకోండి, పేరుకు ఒకరిని కాకుండా సంఘానికి ఒకరిని తీసుకోండి. సభలకు ముందు రెండు వారాలు వీధి వీధినా జరిగే గృహ కూడికలను నడిపేది వారే. కొత్త కుటుంబం ఇంటికి తరువాత మళ్ళీ మళ్ళీ వెళ్ళి కూర్చునేదీ వారే. స్థలం చూసేటప్పుడు మరుగుదొడ్డి, దారిలో దీపాలు, దూరపు పేటల స్త్రీలు ఇల్లు చేరడానికి ఆటోలు ఉన్నాయో లేవో చూడండి. ఇవి లేకపోతే రెండవ రాత్రికి సగం మంది స్త్రీలు రారు.

ప్రశ్న కొనసాగింపు:

అమ్మగారికి, అయ్యగారికి కృతజ్ఞతలు. నిన్న కాపరులతో మాట్లాడినప్పుడు రెండు చిక్కులు బయటపడ్డాయి. చివరి రాత్రి రోగుల కోసం చేతులుంచి, అన్యభాషలతో (ఆత్మ ప్రేరణతో, నేర్చుకోని భాషలలో) ప్రార్థించాలని ఒకరు గట్టిగా కోరుతున్నారు, అది ఉంటే తాము రామని మరొకరు అంటున్నారు. స్త్రీలు వేదిక మీద సాక్ష్యం చెప్పడం గురించి కూడా భేదం ఉంది.

జవాబు (విశ్రాంత సంఘ కాపరి):

అయిదు సంఘాలూ నిండు మనసుతో ఆమేన్ అనగలిగినదే ఉమ్మడి వేదిక మీద ఉండాలి. మిగిలినది తప్పని గాని, తక్కువని గాని దాని అర్థం కాదు. సభ ముగిశాక పక్కన చిన్న పందిరి వేసి, కోరుకున్నవారికి అక్కడ ప్రార్థన చేయవచ్చు, అక్కడ మైకు ఉండకూడదు. అక్కడ నిలబడేవారందరికీ ఒక మాట ముందుగా గట్టిగా చెప్పాలి: బి.పి. మాత్రలు, ఇన్సులిను, క్షయ మందులు మానివేయమని ఎవరితోనూ అనరాదు. కరపత్రంలో స్వస్థత జరుగుతుందని వాగ్దానం చేయరాదు. స్త్రీల సాక్ష్యాల కోసం రెండవ రోజు మధ్యాహ్నం స్త్రీల కూడికను స్త్రీలే నడుపుకునేలా పెట్టండి, అక్కడికి వచ్చే జనం రాత్రి సభకంటే తక్కువ ఉండరు. పాటలకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో నుండి అందరికీ నోటికి వచ్చినవే ఎంచుకోండి, కొత్త పాటలు ఒక్కొక్క సంఘానికి ఒక్కొక్కటి వేరుగా ఉంటాయి.

ఇంకొక సంగతి. ఫిబ్రవరికి ఇంకా చాలా నెలలు ఉన్నాయి, ఈలోగా శుభ శుక్రవారం వస్తుంది. ఆ రోజు మధ్యాహ్నపు ఆరాధనను కలిసి జరిపి, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలను, ఒక్కొక్క దాని మీద ప్రసంగించడానికి, సంఘాలకు పంచండి. అయిదు సంఘాలకు అయిదు మాటలు పోగా మిగిలిన రెండింటిని మీ యువకులలో ఒకరికి, స్త్రీలలో ఒకరికి ఇవ్వవచ్చునేమో అడిగి చూడు. స్త్రీల విషయంలో ఎవరికైనా అభ్యంతరం ఉంటే పట్టుపట్టవద్దు, ఆ మాటను పొరుగూరి పెద్దకు ఇవ్వండి. మనిషికి పదిహేను నిమిషాలు దాటకుండా ఆ మూడు గంటలు సవ్యంగా జరిగితే, ఎవరితో ఎలా పనిచేయాలో మీకే తెలిసిపోతుంది. వేసవిలో పిల్లల సెలవుల బైబిలు పాఠశాలను (వి.బి.ఎస్.) కూడా కలిసి నడపగలిగితే మరీ మంచిది.

ఒప్పంద పత్రాన్ని అయిదు ప్రతులు తీయించు. సంతకాలయ్యాక బీరువాలో పెట్టవద్దు. ఒకే ఆదివారం, అయిదు సంఘాలలోనూ, ప్రకటనల సమయంలో మొదటి నుండి చివరి వరకు చదివించు.