సింపుల్ ఎలక్ట్రిక్ గిటార్ ఒకటి కొని అక్కడితో ఆగిపోవాలి, ఏది తీసుకోమంటారు?

ఆరుతీగలు
అందరికీ నమస్కారం. అకౌస్టిక్ చాలాకాలంగా వాయిస్తున్నాను, ఇప్పుడు ఒక ఎలక్ట్రిక్ కొనాలి. కొన్నాక పికప్‌లు (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు భాగాలు) మార్చు, పెగ్గులు (శ్రుతి చేసే మరలు) మార్చు, బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) మార్చు అనే గోల నాకు వద్దు. మా అన్నయ్య అదే దారిలో పోయాడు, గిటార్ కంటే దానికి కొన్న పార్టులకే ఎక్కువ డబ్బు పోసి, ఇప్పుడు వాయించడమే తగ్గించేశాడు, చూస్తే బాధేస్తుంది. నేను చూసిపెట్టుకున్నవి మూడు: యమహా పసిఫికా 112, స్క్వయర్ (ఫెండర్ వాళ్ల చవక బ్రాండు) టెలికాస్టర్, ఎపిఫోన్ (గిబ్సన్ వాళ్ల చవక బ్రాండు) లెస్ పాల్ జూనియర్. నా చేతులు చిన్నవి, స్కేల్ లెంగ్త్ (నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ మోగే పొడవు) తేడా నిజంగా తెలుస్తుందా? ఆంప్ కూడా ఇదే బడ్జెట్‌లో రావాలి. వాయించేది రాత్రిళ్లు, హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.

టెలీ_ఒక్కటే
టెలీ తీసుకోండి, ఇంక ఆలోచించకండి. 1950లో లియో ఫెండర్ బయటికి తెచ్చిన డిజైన్ ఇది, మొదట్లో బ్రాడ్‌కాస్టర్ అన్నారు, 1951కి టెలికాస్టర్ అయింది, అప్పటినుంచీ అసలు నిర్మాణం పెద్దగా మారలేదు. రెండు పికప్‌లు, ఒక వాల్యూమ్, ఒక టోన్, మూడు స్థానాల స్విచ్, నాలుగు స్క్రూలతో బిగించిన నెక్. పాడవడానికి అందులో ఏముంది చెప్పండి? బ్రిడ్జి కదలదు కాబట్టి ఒక తీగ తెగినా మిగతా అయిదూ శ్రుతిలోనే ఉంటాయి. ట్రెమొలో (స్ప్రింగులతో కదిలే బ్రిడ్జి) ఉన్న గిటార్‌లో తీగ తెగితే స్ప్రింగులు బ్రిడ్జిని వెనక్కి లాగేస్తాయి, మిగతావన్నీ పైకి పోతాయి. పాట మధ్యలో అలా జరిగితే ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు.

పసిఫికా_ప్రేమ
సింపుల్ అంటే ఒకటే సౌండ్ అని కాదు కదండీ. పసిఫికా 112లో బ్రిడ్జి దగ్గర హంబకర్ (రెండు కాయిల్స్‌తో గుయ్యిమనే చప్పుడుని అణిచే పికప్), మధ్యలో ఒకటి, నెక్ దగ్గర ఒకటి సింగిల్ కాయిల్. క్లీన్ కావాలంటే క్లీన్, డిస్టార్షన్ వేస్తే బరబర లేకుండా గట్టిగా వస్తుంది. 1990 నుంచి ఆ సిరీస్ నడుస్తోందంటే ఊరికే నడవదు.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఏ గిటారైనా కొనేముందు నెక్ పక్కల వేలు పెట్టి పైనుంచి కిందకి జార్చి చూడండి. నాకు అమ్మినవాళ్లు "సెటప్ చేసి ఇస్తున్నాం" అన్నారు, ఇంటికొచ్చి చూస్తే ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల) చివరలు వేలికి గీసుకుంటున్నాయి, పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ దాదాపు మూడు మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది. ఫోన్ చేస్తే "కొత్తవాళ్లకి అలాగే అనిపిస్తుంది" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు నేను.

లాకింగ్_పెగ్గు
అప్‌గ్రేడ్ వద్దు అనడం వినడానికి బాగుంటుంది. కానీ ఈ రేంజి గిటార్లలో శ్రుతి నిలవదు, అది వాస్తవం. లాకింగ్ ట్యూనర్లు (తీగని లోపల బిగించి పట్టుకునే పెగ్గులు) వేసుకోండి, అంతటితో ఆపేయండి. ఇది అప్‌గ్రేడ్ కాదు, అవసరం. నా గిటార్‌లో తేడా మొదటిరోజే తెలిసింది.

రిపేరు_బల్ల
ఈ మాట వినివిని విసుగొస్తోంది. ఏళ్ల తరబడి నా బల్ల మీదకి వచ్చిన గిటార్లలో "శ్రుతి నిలవట్లేదు" అని వచ్చినవే ఎక్కువ, వాటిలో పెగ్గు పాడై ఉండటం చాలా అరుదు. పెగ్గులో ఉండేది వార్మ్ గేర్, మీరు తిప్పితే పోస్ట్ (తీగ చుట్టుకునే కడ్డీ) తిరుగుతుంది కానీ తీగ లాగితే వెనక్కి తిరగదు. దోషం దాదాపు ఎప్పుడూ నట్‌లో (నెక్ పైచివర తీగలు కూర్చునే గాడుల పట్టీలో) ఉంటుంది, ముఖ్యంగా మూడో తీగ దగ్గర.

నమ్మకపోతే మీరే చూసుకోండి. మూడో తీగని సరిగ్గా శ్రుతి చేసి, గట్టిగా ఒకసారి బెండ్ చేసి (ఫ్రెట్ మీద నొక్కి పక్కకి లాగి) వదలండి. శ్రుతి కిందకి దిగిందా? ఇప్పుడు పెగ్గు ముట్టుకోకుండా, నట్‌కి పెగ్గుకి మధ్య ఉన్న తీగ ముక్కని వేలితో నొక్కి వదలండి. శ్రుతి మళ్లీ పైకొస్తే తీగ నట్ గాడిలో ఇరుక్కుంటోందని అర్థం. బెండ్ చేసినప్పుడు కొంచెం తీగ ఇటు జారింది, వదిలాక తిరిగి అటు పోలేక గాడి పట్టేసింది, అంతే. పెగ్గు తిప్పుతున్నప్పుడు "టింక్" అని చప్పుడు వస్తుందే, అది కూడా ఇదే. మీ లాకింగ్ ట్యూనర్ దీనికేం చేస్తుంది? చవక పరిష్కారం పెన్సిల్. మెత్తటి పెన్సిల్ ములికితో గాడిలో గ్రాఫైట్ రుద్దండి. తగ్గకపోతే గాడిని సన్నటి ఫైలుతో, ఆ తీగ మందానికి తగ్గట్టు, హెడ్‌స్టాక్ (పెగ్గులుండే తల) వైపుకి వాలుగా సరిచేయాలి. ఇది తెలిసినవాడికి చిన్న పని.

లాకింగ్_పెగ్గు
మీ అనుభవం మీది, నాది నాది. నేను పెగ్గులు మార్చాను, సమస్య పోయింది. ఇంతకంటే రుజువేం కావాలి?

రిపేరు_బల్ల
పెగ్గులతోపాటు తీగలు కూడా కొత్తవి వేశారా లేదా?

లాకింగ్_పెగ్గు
వేస్తాం కదా, పాత తీగలు ఎవరైనా మళ్లీ ఎక్కిస్తారా?

రిపేరు_బల్ల
అదీ సంగతి. అంతకుముందు పోస్ట్ చుట్టూ తీగ వదులుగా, అడ్డదిడ్డంగా చుట్టి ఉంటుంది. కొత్త తీగ లాక్ చేసేసరికి చుట్లే లేవు, వదులయ్యే అవకాశం పోయింది. మామూలు పెగ్గుకే రెండు మూడు చుట్లు శుభ్రంగా ఒకదాని కింద ఒకటి వచ్చేలా చుట్టి, తీగని చేత్తో సాగదీసి, ఎప్పుడూ కిందనుంచి పైకి శ్రుతి చేసి ఉంటే అదే ఫలితం ఒక్క రూపాయి ఖర్చు లేకుండా వచ్చేది.

లాకింగ్_పెగ్గు
అంటే నాకు తీగ చుట్టడం కూడా రాదని అంటున్నారా? ప్రతి చర్చలోనూ మీరు ఇలాగే వచ్చి మిగతావాళ్లని చిన్నపిల్లల్లా చూస్తారు. మీ బల్ల మీదకి వచ్చేవి చెడిపోయినవే, బాగా పనిచేసే గిటార్లు మీ దగ్గరికి రావు, అది మర్చిపోతున్నారు.

గమకం_గీత
ఇద్దరూ కాస్త ఆగండి. నేను రాగాలు వాయిస్తాను, గమకాల కోసం తీగని రోజంతా లాగుతూనే ఉంటాను కాబట్టి నట్ గురించి ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అయితే లాకింగ్ పెగ్గులతో తీగ మార్చడం చిటికెలో అయిపోతుంది, అది కూడా నిజమే. కానీ ఆరుతీగలు గారు అడిగింది శ్రుతి గురించి కాదు. ఒక గిటార్ కొని ఆగిపోవడం ఎలా అని అడిగారు.

నన్నడిగితే ఒకే పికప్ ఉన్న జూనియర్ కొనుక్కోమంటాను. 1954లో గిబ్సన్ వాళ్లు నేర్చుకునేవాళ్ల కోసమని చేసిన గిటార్ అది, ఒక పీ-90 (సింగిల్ కాయిల్ పికప్), ఒక వాల్యూమ్, ఒక టోన్. వాల్యూమ్‌ని కొంచెం తగ్గిస్తే క్లీన్ అవుతుంది, పూర్తిగా తిప్పితే అరుస్తుంది, పిక్‌ని బ్రిడ్జి దగ్గర ఆడిస్తే ఒక రంగు, నెక్ దగ్గర ఆడిస్తే ఇంకో రంగు. స్విచ్ లేకపోతే చెయ్యి నేర్చుకుంటుంది.

టెలీ_ఒక్కటే
గీత గారూ, పీ-90 హమ్ సంగతి చెప్పలేదే. రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌లో ఆ "మ్‌మ్‌మ్" వింటూ కూర్చోవాలి. టెలీలో కూడా హమ్ ఉంటుంది, కాదనను, కానీ చాలా కొత్త టెలీల్లో రెండు పికప్‌లూ కలిపిన స్థానంలో అది పోతుంది.

ఇంకోటి, జూనియర్ హెడ్‌స్టాక్ వెనక్కి వంగి ఉంటుంది. స్టాండ్ మీదనుంచి వెనక్కి పడితే అక్కడే విరుగుతుంది. ఫెండర్ తరహా హెడ్‌స్టాక్ తిన్నగా ఉంటుంది, అంత తేలిగ్గా విరగదు.

చెక్కశాస్త్రం
అసలు ఎవరూ చెక్క గురించి మాట్లాడటం లేదేంటి? పాప్లర్ బాడీ కొనకండి. మహాగని అయితేనే సస్టెయిన్ (స్వరం ఎక్కువసేపు నిలవడం). చవక చెక్క ఉన్న గిటార్ కొంటే ఎప్పటికైనా మార్చాల్సిందే, అప్పుడు ఆగడం అనే మాటే ఉండదు.

రిపేరు_బల్ల
క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయన్ మే తన గిటార్‌ని 1963లో తండ్రితో కలిసి మొదలుపెట్టి, నెక్‌ని పాత ఫైర్‌ప్లేస్ చెక్కతో చేసుకున్నాడు. ఆ సౌండ్ ప్రపంచమంతా విన్నది. చెక్క పేరు చూసి గిటార్ కొనమని కొత్తవాళ్లకి చెప్పకండి దయచేసి.

చెక్కశాస్త్రం
ఆయన బ్రయన్ మే, మనం కాదు. ఆ ఫైర్‌ప్లేస్ చెక్క కూడా మహాగనియే, అది చెప్పండి.

పసిఫికా_ప్రేమ
చెక్క గొడవ ఇంకో చోట పెట్టుకోండి, ఇది మొదలైతే తేలదు. బరువు మాత్రం చూసుకోండి, నిలబడి వాయించేవాళ్లకి భుజం నొప్పి నిజమైన సమస్య.

ఆరుతీగలు
అందరికీ థాంక్స్, చాలా తెలిసింది. కానీ స్కేల్ లెంగ్త్ గురించి, ఆంప్ గురించి ఒక్కరూ చెప్పలేదు. చేతులు చిన్నవి అని రాశాను కదా. ఇక్కడ చదివాక టెన్షన్ పెరిగింది తప్ప తగ్గలేదు.

కొలతబద్ద
స్కేల్ గురించి నేను చెప్తాను, లెక్కతో సహా. పసిఫికా, టెలీ రెండూ 648 మిల్లీమీటర్లు, అంటే 25.5 అంగుళాలు. జూనియర్ సుమారు 628, అంటే 24.75 అంగుళాలు. నట్ నుంచి మొదటి ఫ్రెట్‌కి దూరం మొదటివాటిలో 36 మిల్లీమీటర్ల పైచిలుకు, జూనియర్‌లో 35 పైచిలుకు, అంటే తేడా ఒక మిల్లీమీటరు. నాలుగు ఫ్రెట్లు కలిపి చూసినా తేడా సుమారు నాలుగు మిల్లీమీటర్లే. చెయ్యి చాపడంలో ఇది అంతంతమాత్రం. కానీ అదే తీగలు, అదే శ్రుతి అయితే పొట్టి స్కేల్‌లో బిగువు ఆరు శాతం దాకా తగ్గుతుంది, బెండ్ చేసేటప్పుడు అది తెలుస్తుంది. మీరు అకౌస్టిక్ మీద 12 సెట్టు (అంకె అన్నిటికంటే సన్న తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వాయిస్తూ ఉండి ఉంటారు, ఎలక్ట్రిక్‌లో 9 సెట్టు వేసుకుంటే ఏ స్కేలైనా వేళ్లకి హాయిగానే ఉంటుంది. చిన్న చేతులకి స్కేల్ కంటే నెక్ వెనక మందం ముఖ్యం. దాన్ని కాగితం మీద చూసి చెప్పలేం, పట్టుకుని ఎఫ్ బార్ కార్డ్ వేసి, బొటనవేలు ఎక్కడ ఆనుతుందో చూడాలి.

ఎనిమిదంగుళాలు
ఆంప్ సంగతి నాకొదిలేయండి. రాత్రిళ్లు హెడ్‌ఫోన్సే అయినప్పుడు పెద్ద ట్యూబ్ ఆంప్ జోలికి వెళ్లొద్దు, దాని అందం సౌండ్ పెంచితేనే. ఎనిమిదంగుళాల స్పీకరు, హెడ్‌ఫోన్ జాక్, ఫోన్ నుంచి పాట కలిపే ఇన్‌పుట్ ఉన్న చిన్న మోడలింగ్ ఆంప్ (రకరకాల ఆంప్‌ల సౌండ్లని అనుకరించేది) చాలు. గిటార్‌కి మొత్తం పెట్టేసి, మిగిలిన చిల్లరతో ఆంప్ కొనేవాళ్లే రెండు నెలల తర్వాత "గిటార్ సౌండ్ బాలేదు, పికప్‌లు మార్చాలి" అంటారు. పికప్‌ల తప్పు కాదు అది, నాసిరకం స్పీకరు తప్పు. బడ్జెట్‌లో మూడో వంతైనా ఆంప్‌కి తీసిపెట్టండి, సెటప్‌కి కొంత వేరే పక్కన పెట్టండి.

లాకింగ్_పెగ్గు
సెటప్‌కి డబ్బు పెట్టొచ్చు, పెగ్గులకి పెట్టకూడదా? ఇదేం న్యాయం?

రిపేరు_బల్ల
సెటప్ లేకుండా ఏ పార్టు మార్చినా దండగ కాబట్టి. మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, ఆరో తీగని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, ఏడో ఫ్రెట్ దగ్గర సందు చూడండి. పావు మిల్లీమీటరు దగ్గర్లో ఉంటే నెక్ బాగున్నట్టే. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ని (నెక్ లోపల వంపుని సరిచేసే లోహపు కడ్డీని) ఒకేసారి పావు చుట్టు మించకుండా బిగించాలి. తర్వాత యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగ ఎత్తు): పదిహేడో ఫ్రెట్ దగ్గర 1.6 మిల్లీమీటర్లు ఫెండర్ తరహా గిటార్లకి మంచి మొదలు. ఆ తర్వాతే ఇంటొనేషన్ (పై ఫ్రెట్లలోనూ స్వరం శ్రుతిలో ఉండేలా బ్రిడ్జి దగ్గర తీగ పొడవు సరిచేయడం), చివర్లో పికప్ ఎత్తు. ఈ వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాలి.

పికప్ ఎత్తు కూడా చాలామంది వదిలేస్తారు. సింగిల్ కాయిల్‌ని తీగకి మరీ దగ్గరగా పెడితే అయస్కాంతం తీగని లాగుతుంది, పై ఫ్రెట్లలో స్వరం వణికి, రెండు స్వరాలు కలిసి మోగినట్టు వినిపిస్తుంది. జనం దాన్ని చూసి పికప్ చెడ్డదనుకుని కొత్తది కొంటారు. చివరి ఫ్రెట్ నొక్కి చూసినప్పుడు మందపు తీగ వైపు రెండు మిల్లీమీటర్లు సందు ఉండేలా స్క్రూ తిప్పితే చాలు.

గమకం_గీత
ఇది నిజం. నా గిటార్‌లో నెక్ పికప్ కిందకి దించగానే పై స్వరాలు నిలిచాయి, అంతకుముందు ట్యూనర్ సూది ఊగుతూనే ఉండేది.

ఆరుతీగలు
ఇవాళ మూడూ పట్టుకుని చూశాను. జూనియర్ నెక్ నా బొటనవేలికి లావుగా ఉంది. పసిఫికా, టెలీ రెండూ బాగున్నాయి. టెలీ నా ఒళ్లో కదలకుండా కూర్చుంది, స్విచ్ మూడు స్థానాల్లోనూ సౌండ్ నచ్చింది, అదే తీసుకున్నాను. వేరేగా ఎనిమిదంగుళాల ఆంప్. ఫ్రెట్ చివరలు వేలు జార్చి చూశాను, నునుపుగానే ఉన్నాయి. బెండ్ పరీక్ష కూడా అక్కడే చేశాను. మూడో తీగ దిగింది, నట్ వెనక నొక్కితే తిరిగొచ్చింది.

లాకింగ్_పెగ్గు
చూశారా, కొత్త గిటారే శ్రుతి దిగుతోంది. నా మాట విని పెగ్గులు ఆర్డర్ పెట్టండి.

రిపేరు_బల్ల
నట్ వెనక నొక్కితే తిరిగొచ్చింది అని ఆయనే రాశారు, చదివారా? ఆరుతీగలు గారూ, తీగ వదులు చేసి గాడి లోంచి తీయండి, పెన్సిల్ రుద్దండి, మళ్లీ ఎక్కించి అదే పరీక్ష చేయండి.

ఆరుతీగలు
చేశాను. టింక్ చప్పుడు పోయింది. బెండ్ చేశాక కొంచెం దిగుతోంది కానీ ఇదివరకటిలా కాదు, ట్యూనర్‌లో సూది పచ్చలోనే ఉంటోంది. పెగ్గులు కొనడం లేదు.

చెక్కశాస్త్రం
బాడీ ఏ చెక్క?