‘పలికే దేవుడి సీమ’లో పలికింది ఎవరు?

కృష్ణాతీరం:
పెరూలోని అపూరిమక్ ప్రాంతం గురించి ఎప్పుడో చదివిన వాక్యం ఒకటి వదలడం లేదు. “పలికే దేవుడి సీమ, ఏడు ......, రెండు నుడులు.” మధ్యలో మాట జారిపోయింది. నాడులా, జిల్లాలా, మండలాలా? ఎవరికైనా గుర్తుందా?

గోలకొండ:
జిల్లాలే అయ్యుండాలి. అబాంకయ్, ఆందావైలస్, ఆంతబంబ, ఐమరాయెస్, చించెరోస్, కొటబంబస్, గ్రావ్. వీటిని వాళ్లు ప్రొవిన్సియా అంటారు. ప్రావిన్సు అని రాస్తే మనవాళ్లు రాష్ట్రం అనుకుంటారు. కానీ ఇవి మేయర్లున్న జిల్లాలు, వీటి కింద ఉండేవి మన మండలాల్లాంటివి. రాష్ట్రానికి దగ్గరగా ఉండేది అపూరిమక్కే. 2002 ఎన్నికల నుంచి దానికి సొంత ప్రభుత్వం, మండలి ఉన్నాయి. అధిపతి పదవి పేరు 2015లో గవర్నర్‌గా మారింది. మన గవర్నర్‌లా ఢిల్లీ వేసే మనిషి కాదు, నాలుగేళ్లకోసారి జనం ఎన్నుకుంటారు.

నాకు అసలు మింగుడుపడనిది అపూరిమక్ అనే పేరుకు ‘పలికే దేవుడు’ అనే అర్థం. అక్కడి కెచువా భాషలో ‘అపు’ అంటే దొర, ‘రిమ’ అంటే మాట్లాడటం, ‘రిమక్’ మాట్లాడేవాడు. కెచువాలో కూడా మనలాగే విశేషణం ముందుంటుంది. పలికే దేవుడు అనాలంటే ‘రిమక్ అపు’ కావాలి. ఉన్నదేమో ‘అపు రిమక్’. మాట చెప్పేవాళ్లలో దొర అని కదా అర్థం?

మల్లెతీగ:
మాస్టారూ, వ్యాకరణం ఒప్పుకుంటాను. కానీ ‘అపు’ ఉత్త దొర కాదు, కొండదేవర కూడా. అపూరిమక్ నది దగ్గర దైవవాక్కు చెప్పే విగ్రహం ఉండేదని స్పానిష్ చరిత్రకారులు రాశారు. జనం ప్రశ్న అడిగితే జవాబు చెప్పే దేవర అన్నమాట. దొర అంటే ఆ భక్తి ఎక్కడ మిగులుతుంది? రాజధాని లీమా పేరు కూడా రిమక్ నుంచి వచ్చిందే, తీరప్రాంతంలో ర కాస్తా ల అయింది.

గోలకొండ:
భక్తి ఉండనివ్వండమ్మా, వరస మార్చకండి. ‘పలుకుదేవర’ అంటే రెండూ నిలబడతాయి.

తుంగభద్ర:
మీరిద్దరూ చివరి అక్షరం వదిలేశారు. అది మన క కాదు, గొంతు లోపలి నుంచి వచ్చే ఉర్దూ ఖాఫ్ లాంటిది. ఆందావైలస్‌లో చాంకా కెచువా మాట్లాడతారు, అక్కడ అది ఖ్ లాగా వినిపిస్తుంది. హైదరాబాద్ ఉర్దూలో కలం ‘ఖలం’ అయినట్టే. తూర్పువైపు కుస్కో మాండలికం, అందులో ఒత్తి పలికే హల్లులు ఎక్కువ, చాంకాలో అవి లేవు. ‘రెండు నుడులు’ అంటే ఈ రెండేనని నా నమ్మకం.

మల్లెతీగ:
అబ్బే, కెచువా, స్పానిష్ అయ్యుంటాయి. 2017 జనాభా లెక్కల్లో అక్కడ 70 శాతం మంది దాకా కెచువాను మాతృభాషగా చెప్పారు. 1975లో దాన్ని దేశమంతటికీ అధికార భాష చేశారు. 1979 రాజ్యాంగం దాన్ని కొన్ని ప్రాంతాలకే కుదించింది, 1993 రాజ్యాంగం కూడా అది ఎక్కువగా ఉన్న చోట్లకే అంది. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

ఆందావైలస్ అనగానే నాకు పెరూ రచయిత అర్గేదాస్ గుర్తొస్తాడు. 1911లో పుట్టింది అక్కడే. సవతితల్లి ఇంటి పనివాళ్ల మధ్య పెరిగి కెచువా నేర్చుకున్నాడు, తర్వాత ఆ భాషలోనే కవిత్వం రాశాడు. అబాంకయ్ నేపథ్యంగా రాసిన నవలలో ఒక అధ్యాయం బొంగరం పేరు చివరనున్న ‘ఇల్యు’ అనే శబ్దంతోనే మొదలవుతుంది. ఒక్క ప్రత్యయంలో రెక్కల సంగీతం వినిపిస్తాడు! అలాంటి కవి చెవికి ‘పలుకుదేవర’ నచ్చదనిపిస్తుంది, నదిహోరు అందులో లేదు.

తుంగభద్ర:
హోరు కావాలంటే ఆ ఖ్ ఉంచాల్సిందే. అపూరిమఖ్. పైకి ఒకసారి అని చూడండి.

కృష్ణాతీరం:
ఎంత బాగుందో! కానీ ఆ ‘ఏడు’ తర్వాతి మాట? జిల్లాలు అంటే లయ కుదరడం లేదు.

గోలకొండ:
నాడులు అనుకుంటే లయ కుదురుతుంది కానీ పాలన అర్థం పోతుంది. పైగా ఐమరాయెస్ సంగతి చూడండి. పేరులో ఐమరా భాష, నోట కెచువా. అక్కడ మూడో నుడి ఒకప్పుడు ఉండేదేమో! దాని మీద విడిగా రాస్తాను, మల్లెతీగగారు తప్పకుండా చూడాలి.