మూడున్నర శృతి అడిగిన అల్లుడుగారు: ఆర్కెస్ట్రా వాళ్ళు మీ కష్టాలు చెప్పండి

నల్లమెట్టు (తెనాలి):
పదకొండేళ్ళుగా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తున్నాను. పెళ్ళిళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, వినాయకచవితి మండపాలు. సింగర్లతో సెల్ఫీలు దిగుతారు, ప్యాడ్ వాయించేవాడి చుట్టూ పిల్లలు మూగుతారు. నా దగ్గరికొచ్చి మాత్రం "అన్నా, ఆ ఎక్స్‌టెన్షన్ బాక్సులో ప్లగ్గు ఖాళీ ఉందా, ఫోన్ చార్జింగ్ పెట్టాలి" అంటారు.

మొన్న ఒక పెళ్ళిలో ఆ ఇంటి పెద్దల్లుడు మైకు అందుకున్నారు. ఇంటల్లుడు కదా, కాదనే ధైర్యం ఎవరికుంది? శృతి ఎంతండీ అన్నాను. "మూడున్నర" అన్నారు. వాయించేవాళ్ళకి తెలుసు, కీబోర్డు మీద తెల్లమెట్లు ఒకటి, రెండు అని శృతి లెక్క, వాటి మధ్య నల్లమెట్లు అరలు. ఒకటిన్నర ఉంది, రెండున్నర ఉంది, మూడు తర్వాత మాత్రం నేరుగా నాలుగే. మధ్యలో నల్లమెట్టు లేదు. ఆ మాట చెప్పబోతే మా మేనేజరు నా కాలు తొక్కాడు. సరేనండీ అని మూడులో ఇచ్చాను. ఆయన ఐదులో ఎత్తుకున్నారు. పరిగెత్తి ఐదుకి వెళ్ళాను. చరణంలో నాలుగున్నరకి జారారు, నేనూ జారాను. మళ్ళీ పల్లవికి ఎక్కడికెళ్ళారో ఆ దేవుడికే తెలియాలి. పాటంతా, శృతిని పైకీ కిందికీ జరిపే ట్రాన్స్‌పోజ్ బటన్ మీదే నా వేలు. అయ్యాక నా భుజం తట్టి, "శృతి కాస్త కదులుతోంది బాబూ, చూసుకో" అన్నారు.

ప్యాడ్‌మామ (వరంగల్):
పిల్లలు మూగుతారని కుళ్ళుకోకు అన్నా, వాళ్ళొచ్చేది కొట్టడానికి. నాది ఎస్పీడీ-20 అనే ఎలక్ట్రానిక్ డ్రమ్ వాయిద్యం, ఎనిమిది ప్యాడ్లు. తబలా, డోలక్, డప్పు అన్నీ అందులోనే, నంబరు మార్చడమే. ఒక రోజు ఘంటసాల విషాద గీతం నడుస్తోంది, హాలంతా నిశ్శబ్దం. ఒక బుడ్డోడు వెనక నుంచి వచ్చి ఏదో బటన్ నొక్కాడు. తబలా పడాల్సిన చోట తీన్‌మార్ పడింది. వెనక వరసలో నలుగురు లేచి చిందేశారు. ఆ రోజు వన్స్‌మోర్ పడింది ఆ పాటకే.

కోరస్ కోకిల (రాజమండ్రి):
ట్రాన్స్‌పోజ్ పెట్టి తీయడం మర్చిపోయే కీబోర్డువాళ్ళ సంగతీ మాట్లాడదాం. ముందు పాట కోసం రెండు మెట్లు తగ్గించి అలాగే వదిలేశాడు మహానుభావుడు. నేను ఐదున్నరలో పాడాల్సింది నాలుగున్నరలో వచ్చింది. అసలే కింది స్వరాల పల్లవి, గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ముందు వరసలో మా అత్తగారు. ఇంటికెళ్ళాక వారం రోజులు మిరియాల కషాయం.

నల్లమెట్టు:
అది నేను కాదు కదండీ?

కోరస్ కోకిల:
తెనాలి ట్రూపే.

పాత హార్మోనియం (విజయవాడ):
వెనకాల కూర్చుని వాయించేవాళ్ళని తేలిగ్గా చూడకండి నాయనా. సినిమాల్లో పేరు రాకముందు ఇళయరాజా గారు బాలు గారి ట్రూపులో హార్మోనియం వాయించినవారే.

నల్లమెట్టు:
ఈ మాటే చెప్పి మా మేనేజర్ని రేటు పెంచమన్నాను సార్. "నువ్వు ఇళయరాజావి అయ్యాక పెంచుతా" అన్నాడు.

ప్యాడ్‌మామ:
రేటు సంగతి తర్వాత, ముందు తిండి. ఆరుబయట రాత్రి పదికి మైకు ఆపాలని 2000లో వచ్చిన శబ్ద నియమాల్లో ఉంది చూడండి, నాకు అన్నం పెడుతున్నది ఆ రూలే. అది లేకపోతే వంటవాళ్ళు గిన్నెలు కడిగాక గానీ మా బంతి కూర్చునేది కాదు. ఇప్పుడు కనీసం పెరుగన్నం దొరుకుతోంది.

నల్లమెట్టు:
అప్‌డేట్. ఆ అల్లుడుగారింట్లోనే వచ్చే నెల గృహప్రవేశం. నిన్న ఆయనే స్వయంగా ఫోన్ చేశారు. రోజూ ప్రాక్టీసు చేస్తున్నారట, గొంతు బాగా పెరిగిందట. "ఈసారి ఏడున్నరలో పెట్టు" అన్నారు.

పాత హార్మోనియం:
ఏడున్నర ఉన్నది శనికే నాయనా, కీబోర్డుకి లేదు.